పార్వతి ఉత్తరకథ

సైబర్ టవర్సు చెంత, రాయదుర్గము మెట్రో మెట్లపై, ఉద్యోగములకు త్వరపడుచు ఈ మాటలు వినుచున్న యువతీయువకులారా, మీ తాతలు కన్నీరు కార్చిన యొక ప్రణయగాథ నేటికిని నూతనవేషములు దాల్చి మీ ఫోనులలో ప్రత్యక్షమగుచునే యున్నది.

వంగ రచయిత శరత్‌బాబు నవల 'దేవదాసు' 1917లో వంగభాషలో వెలువడినది. 1953లో వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున వచ్చిన తెలుగు చిత్రములో అక్కినేని, సావిత్రి దేవదాసు, పార్వతుల పాత్రలకు మన మనస్సులలో చెరగని రూపము నొసగిరి. 1974లో విజయనిర్మలగారు ఆ కథను మరల తెరకెక్కించి తామే పార్వతియైరి. 1978లో దాసరివారు 'దేవదాసు మళ్ళీ పుట్టాడు' అని దానికి కొనసాగింపునే కల్పించిరి. 2009లో హిందీ 'దేవ్ డి' నాయకుని మరణమునుండియే తప్పించినది.

ఇన్ని పునరుజ్జీవనములును దేవదాసునకే! నడిరేయి ఒంటరిగా అతని గదికేగి తన హృదయము విప్పి చెప్పిన సాహసి పార్వతి. అతని అధైర్యమునకు మూల్యము చెల్లించి, వయసు మీరిన జమీందారునింట సవతిబిడ్డలకు తల్లియై, ఆ సంసారమును గౌరవముగా నడపినదియు ఆమెయే. అయినను, నవలాంతమున కథకుడు ఆమె యేమైనదో తనకు తెలియదనియు, తెలిసికొన నిచ్చయు లేదనియు పలికి, దేవదాసునకై మాత్రమే దుఃఖించును. ఎంత మహారచయిత యైనను శరత్తు ఇక్కడ ఆమెకు అన్యాయమే చేసినాడని నా నిశ్చితాభిప్రాయము.

మీలో కథలు వ్రాయువారు తప్పక యుందురు. ఆయన అడుగనొల్లని ఆ క్షేమసమాచారమును మీరడుగుడు. పార్వతి శేషజీవితమును తెలుగులో వ్రాయుడు.