ఆగమన కాలం, క్రిస్మస్ ఆరాధన

కథోలిక విచారణల్లోనూ, దక్షిణ ఇండియా సంఘంలోనూ ఆరాధన సంవత్సరం క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాల ఆగమన కాలంతో మొదలవుతుంది. బలిపీఠం మీద ఊదా వస్త్రం పరుస్తారు. చాలాచోట్ల వారానికొక కొవ్వొత్తి అదనంగా వెలిగిస్తారు. బేత్లెహేములో పుట్టిన క్రీస్తును స్మరించడం, తిరిగి రానున్న ఆయన కోసం సిద్ధపడడం ఈ కాలపు రెండు ఉద్దేశాలు.

డిసెంబరు 25న ఊదా తీసి తెలుపు పరుస్తారు. దేవుడు మానవ దేహం ధరించి పశువుల తొట్టిలో పేద పసిబిడ్డగా పవళించాడన్నదే ఆనాటి విశ్వాస ప్రకటన. అందుకే ఆకలిగొన్నవారిని మరచిన క్రిస్మస్ అసంపూర్ణం. కరువులో కూలీలకు పని, అన్నం కల్పిస్తూ కట్టిన మెదక్ చర్చిని 1924లో క్రిస్మస్ నాడే ప్రతిష్ఠించారు. దాని రంగుటద్దాల కిటికీల్లో ఒకటి క్రీస్తు జననాన్ని చూపుతుంది.

సంప్రదాయంగా పండుగ కాలం జనవరి 6న జ్ఞానుల రాకను తలచుకునే ప్రత్యక్షత పండుగ దాకా సాగుతుంది.