చాలు అనే మనిషి

గుట్ట కింద ఊరొకటి. ఆ ఊరికి ఒకటే బాట. ఒకప్పుడు అడవి పందుల బెడద ఎక్కువై ఊరివాళ్లు గట్టి కాపలా పెట్టుకున్నారు: పొలిమేరలో తలారి, ప్రతి గడపలో డప్పు, చావడిలో సున్నపు కుండలతో కుర్రకారు. కొన్నాళ్లకు పందులు పోయాయి. కాపలా మాత్రం ఉండిపోయింది.

ఒక మాఘమాసంలో చీపుర్లమ్మే ముసలాయన వచ్చాడు. మోపు తగిలి బాట పక్క కంచె కాస్త విరిగింది. తలారి అది చూసి, రాలిన చీపురు పుల్ల పట్టుకుని చావడికి పరుగెత్తాడు. "కంచె విరిచాడు, దొంగే!" అన్నాడు. పెద్దకాపు ముసలాయన ఆనవాళ్లు తాటాకుల మీద రాయించి ప్రతి డప్పుకూ కట్టించాడు. ఆ పని అయ్యేసరికి ముసలాయన చీపుర్లమ్ముకుని వెళ్లిపోయాడు. ఆ ఏడు గొడవేమీ జరగలేదు.

మరుసటి ఏడు ఆయన పొలిమేర దాటాడో లేదో డప్పులన్నీ ఒక్కసారి మోగాయి. జనం బాటకు అడ్డంగా బండ్లు తోసి, నీళ్లు కుమ్మరించి బురద చేశారు. కొన్ని గంటలకు కుర్రకారు దిగి సున్నం చల్లింది. ముసలాయన ఎప్పుడో పోయాడు, కాలినవి ఊరి గోడలే. ధాన్యం బండి ఊరి బయటే ఆగిపోయింది. ఏటా ఇదే తంతు. కాలిన గోడలను మందంగా మెత్తుకుంటూ పోయేసరికి బాటే ఇరుకైంది.

ఆ ఊళ్లో పోలమ్మ అని ఒకామె ఉండేది. డప్పు మోగితే వెళ్లి చూసి "చాల్లే, ఆపండి" అనడమే ఆమె పని. ఒక్క పందినైనా పట్టలేదని ఆమెకిచ్చే గింజలు ఏనాడో ఆపేశారు. ఊళ్లో గింజలు నిండుకున్నాక పెద్దలు ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు.

"డప్పులు చించకండి నాయనా, పందులు మళ్లీ రావచ్చు. ఆ ముసలాయన్ని మాత్రం రోజుకో అడుగు లోపలికి రానివ్వండి. నేను పక్కనుంటా" అంది.

మూడేళ్లు పట్టింది.

ఇక నీతి. ఇది ఉబ్బసం కథ. ఆ బాట మన శ్వాసనాళం. పరుపుల్లో, ఇంటి దుమ్ములో బతికే కంటికానని డస్ట్ మైట్ విసర్జనే ఆ ముసలాయన. అందులో ఒక ఎంజైము ఉంటుంది. కంచె విరిగినట్టే, శ్వాసనాళం పైపొరలోని అతుకులను అది నిజంగానే తెంపుతుంది. తలారి డెండ్రిటిక్ కణం, పెద్దకాపు టీహెచ్2 కణం. అతను పంపే కబుర్లు ఇంటర్‌ల్యూకిన్లు. వాటిలో 4వది బీ కణాల చేత ఐజీఈ అనే తాటాకులు రాయిస్తుంది, 5వది ఇసినోఫిల్ కుర్రకారును పోగేస్తుంది, 13వది కఫం పుట్టిస్తుంది. డప్పులు మాస్ట్ కణాలు, అడ్డం పెట్టిన బండ్లు బిగుసుకున్న శ్వాసనాళపు కండరాలు. పందులంటే నులిపురుగుల వంటి పరాన్నజీవులు. ఈ దళం అసలు శత్రువులు అవే.

నాకు పోలమ్మ మీదే మక్కువ. ఆమె రెగ్యులేటరీ టీ కణం. 1995లో జపాన్‌లో షిమోన్ సకగుచి ఈ కణాలను గుర్తించి చూపేనాటికి, రోగనిరోధక శక్తిని అణిచే కణాలంటేనే శాస్త్రవేత్తలు పెదవి విరిచేవారు. 2025లో ఆయనకు మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి నోబెల్ వచ్చింది. ఫాక్స్‌పీ3 జన్యువు చెడి ఈ కణాలు పనిచేయని పసివాళ్లలో ఐజీఈ విపరీతంగా పెరుగుతుంది, ఒళ్లంతా ఎగ్జిమా వస్తుంది, సొంత అవయవాల మీదే దాడి మొదలవుతుంది. లండన్‌లో లెనార్డ్ నూన్ 1911లోనే గడ్డి పుప్పొడి పడనివాళ్లకు ఆ పుప్పొడి సారాన్నే కొద్దికొద్దిగా సూదితో ఎక్కించాడు. పోలమ్మ ఉందని తెలియకుండానే ఆమె దారి పట్టాడన్నమాట.

మనవాళ్లు చాలామంది ఆయాసం వచ్చినప్పుడు పీల్చే సాల్బ్యుటమాల్‌తోనే సరిపెట్టుకుంటారు. అది అడ్డం పెట్టిన బండ్లను పక్కకు తోస్తుంది, అంతే. చావడిలో కుర్రకారు కుండలు పట్టుకుని అలాగే కూర్చుని ఉంటుంది. వాళ్లను ఇళ్లకు పంపేది రోజూ పీల్చే స్టెరాయిడ్ మందు. ఆయాసం లేదు కదా అని జనం ముందుగా మానేసేది దాన్నే.