వీణలో శబ్దం ఎక్కడుంది?



పాట బాగుంటే చప్పట్లు కొడతాం. ఆ చప్పట్లు ఎవరివి? పాడినవాడివే కదా అంటారు మీరు. కాసేపు ఆగి ఆలోచిద్దాం. ప్రశ్న చిన్నదే. కానీ మన విహారాల్లో వచ్చే మనస్పర్థలు చాలావరకు ఇక్కడే పుడుతున్నాయి.

లండన్ నగరంలో డాల్‌స్టన్ అనే పేటలో వోర్టెక్స్ అనే చిన్న జాజ్ క్లబ్బు ఉంది. 1980లలో వేరే పేటలో మొదలై, 2005లో ఇక్కడికి మారింది. అది లాభం కోసం నడిపేది కాదు. అక్కడ చాలా పనులు వాలంటీర్లే చేస్తారు. అలాంటి చోట ఒక గిటారిస్టు వాయించే రాత్రిని ఊహించుకోండి. పగలంతా వేరే ఉద్యోగం చేసుకున్న మనిషి గుమ్మం దగ్గర నిలబడి టికెట్లు చూస్తుంటాడు. ఒకామె కుర్చీలు సర్దుతుంది. ఇంకొకరు మైకులు, వైర్లు చూసుకుంటారు. వినేవాళ్లు కొద్దిమందే. గిటారు మోగుతుంది.

జాజ్‌లో ముందే రాసిపెట్టుకున్నది తక్కువ. ఒక బాణీని అందరూ కలిసి వాయించి, తర్వాత ఒక్కొక్కరూ తమ వంతులో అప్పటికప్పుడు కల్పించి వాయిస్తారు. గిటారిస్టుకు అక్కడ రెండు పనులుంటాయి. తన వంతు వచ్చినప్పుడు ముందుకు రావాలి. శాక్సఫోన్ వాయించేవాడి వంతు వచ్చినప్పుడు వెనక్కి తగ్గాలి, నాలుగు స్వరాలు కలిపి మెత్తగా మీటుతూ అతనికి ఆసరా ఇవ్వాలి. ఆ తగ్గడం చేతకానివాడు ఎంత వేగంగా వాయించినా సంగీతం నిలబడదు.

సంయుత్త నికాయంలో భగవానుడు చెప్పిన వీణ ఉపమానం మీకు గుర్తుండే ఉంటుంది. అంతకు ముందెన్నడూ వీణ వినని రాజు ఒకడు ఆ శబ్దానికి ముగ్ధుడవుతాడు. ఆ శబ్దాన్ని పట్టుకురమ్మంటాడు. వీణను తెచ్చి ముందు పెడతారు. “వీణ నాకెందుకు, శబ్దం కావాలి” అంటాడు. గుల్ల, తోలు, దండం, తీగలు, మీటే పుల్ల, దానికి తోడు మనిషి ప్రయత్నం, ఇవన్నీ కలిస్తేనే శబ్దమని తెచ్చినవాళ్లు చెప్తారు. రాజు వినడు. వీణను ముక్కలు ముక్కలు చేసి వెతుకుతాడు. శబ్దం ఎక్కడా దొరకదు. అప్పటి వీణ నేటి వీణలాంటిది కాదు, విల్లులా వంగినది. మన అమరావతి శిల్పాల్లో దాన్ని చూడవచ్చు.

శబ్దం లేదని కాదు ఆ కథకు అర్థం. అది ఏ ఒక్క ముక్క సొత్తూ కాదని అర్థం. మరి ఆ లెక్కన, క్లబ్బులో కుర్చీలు వేసినామె కూడా ఆ సంగీతానికి ఒక కారణమే. తలుపు తీసేవాళ్లు లేకపోతే ఆ రాత్రి ఆ గదిలో గిటారు మోగదు.

“అయితే ఏళ్ల తరబడి సాధన చేసినవాడికీ, టికెట్లు చింపినవాడికీ తేడా లేదా?” అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. ఫిలడెల్ఫియాలో 1944లో పుట్టిన పాట్ మార్టినో పేరున్న జాజ్ గిటారిస్టు. 1980లో మెదడులో రక్తనాళాల జబ్బుకు ఆపరేషన్ జరిగింది. ప్రాణం దక్కింది గానీ జ్ఞాపకాలు పోయాయి. తన పాత రికార్డులు తానే వింటూ గిటారు మళ్లీ నేర్చుకున్నాడు. 1987లో న్యూయార్క్ క్లబ్బులో వాయించి, ఆ ప్రదర్శనను రికార్డుగా తెచ్చాడు. ‘ఇది నా విద్య’ అనుకున్నది ఒక జబ్బుతో జారిపోయింది. అందుకే అది శాశ్వతమైన సొత్తు కాదు. కానీ తిరిగి వచ్చింది ఊరికే కాదు, శ్రమతో వచ్చింది. వీణ కథలో మనిషి ప్రయత్నాన్ని కూడా లెక్కలో చేర్చింది ఇందుకే. అనాత్మ సాధనను కొట్టివేయదు. సాధన మీద పెంచుకునే ‘నాది’ అన్న పట్టునే వదలమంటుంది. తేడా ఉంది. అది పనిలో తేడా, మనుషుల విలువలో తేడా కాదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పాలి. ‘అంతా కారణాల కలయికే, నీకు పేరెందుకు, జీతమెందుకు’ అని ఎదుటివాడికి అనాత్మ బోధించేవాళ్లు ఉంటారు. ఆ మాట నా గురించి నేను అనుకుంటే ధమ్మం. పక్కవాడి కష్టం కాజేయడానికి వాడితే దొంగతనం, రెండో శీలానికి విరుద్ధం. కులం అంటే పనుల విభజన మాత్రమే కాదనీ, పనిచేసే మనుషుల్నే విడదీయడమనీ బాబాసాహెబ్ 1936లోనే తేల్చి చెప్పారు. సేవ పేరుతో తరతరాలుగా చీపురు పట్టించినవాళ్ల పిల్లలం మనం. మనకి ఈ తేడా ఎవరూ నేర్పక్కర్లేదు.

క్లబ్బులో టికెట్లు చూసేవాడు ఇష్టపడి వచ్చాడు, వద్దనుకుంటే మానేయగలడు. అందుకే అది దానం. మరి మన సంగతేంటి? పౌర్ణమి కార్యక్రమంలో మైకు ఎవరి చేతిలో ఉంటుంది? ఎంగిలి విస్తళ్లు ఎవరు తీస్తారు? ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో పెద్దది? వంట గదిలో ఎప్పుడూ ఆడవాళ్లేనా? చీపురు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే అది దానం కాదు. మనం వదిలి వచ్చామనుకున్న కులమే మళ్లీ లోపలికి వచ్చి కూర్చుందన్నమాట.

కాబట్టి వచ్చే పౌర్ణమికి ఒక్క పని చేసి చూడండి. ఎప్పుడూ పాడేవారు ఆ రోజు జంపఖానాలు పరచండి. ఎప్పుడూ పరిచేవారికి మైకు ఇవ్వండి. పాట కాస్త తడబడితే తడబడనివ్వండి. మీ వంతు కానప్పుడు ఆ గిటారిస్టులా మెత్తగా ఆసరా ఇవ్వండి. చప్పట్లు వినపడ్డప్పుడు, అందులో నాదెంత అని లెక్క వేసే మనసును కూడా ఒకసారి గమనించండి.

భవతు సబ్బ మంగళం.