దప్పిక చాటున

నల్లగొండ నీటిలోని ఫ్లోరైడు ఎముకలను వంచినది. పాలమూరు కరవు కూలీలను వలసకు తరిమినది. ఈ దాహము నిజము. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలను పర్యావరణానుమతి లేకయే సాగించుచున్నారని కొందరు రైతులు వ్యాజ్యము వేయగా, ఇది తాగునీటి పనియే యని ప్రభుత్వము వాదించెను. చెన్నైలోని హరిత ట్రిబ్యునలు 2021లో ఆ పనులాపించెను. 2022లో దీనికిని డిండి పథకమునకును కలిపి 900 కోట్ల రూపాయలకు పైగా పరిహారము విధించెను. 2023లో సుప్రీంకోర్టు ఆ పరిహారమును నిలిపి, తాగునీటి పనులకు మాత్రము దారి విడిచెను.

అనుమతి యన వట్టి కాగితమా? ముంపునకు గురియగు పల్లెవాసి ప్రజావిచారణలో నిలిచి, "నా పొలమేమగును?" అని యడుగు నవకాశమది. ఒక పల్లె దాహము మరియొక పల్లె నోరు మూయుట కధికార మిచ్చునా? దాహార్తుని కడవను నేనాక్షేపింపను. దాని చాటున సేద్యపు కాలువను దాచుటయే నాకు సమ్మతము గాదు. పరిహారపు సొమ్ము సయితము ఖజానానుండి రావలసినదే గదా! సంతకము చేసిన యధికారి జేబు కదలదు. దానిని శిక్ష యనుటకు నాకు నోరాడదు.