పరిష్కరణమా, ప్రక్షేపమా? – డిజిటల్ ఛాయాచిత్ర సవరణలో నైతిక ప్రశ్న

కీలక పదాలు: మాతృక, పాఠాంతరం, ప్రక్షిప్తం, రా ఫైలు, లేయరు, సవరణ క్రమం

ఉపోద్ఘాతం

1916లో నిర్మితమైన కాచిగూడ రైల్వేస్టేషన్ భవనాన్ని గుమ్మటాలతో, మినార్లతో సహా కెమెరాలో బంధించదలచినవారికి కరెంటు తీగలు, నిలిపిన ఆటోలు, ప్రకటనల బోర్డులు అడ్డువస్తాయి. ఫోటోషాప్ నేర్చిన విద్యార్థి వాటిని నిమిషాలలో తొలగించగలడు. ఆ చిత్రం గోడ క్యాలెండరుకు ఎక్కితే ఆక్షేపించేవారుండరు. అదే చిత్రం నగర వారసత్వ కట్టడాలపై రాసిన సిద్ధాంత గ్రంథంలో ఆధారంగా చేరితే, ఆ పరిసరాల విషయంలో అది అసత్య సాక్ష్యమవుతుంది. సవరణ ఒక్కటే, దోషం ఒకచోట ఉంది, మరొకచోట లేదు. కనుక సవరణలోని ధర్మాధర్మాలను సాఫ్ట్‌వేర్ పనిముట్లను బట్టి నిర్ణయించలేము. తెలుగు పరిశోధనకు చిరపరిచితమైన గ్రంథ పరిష్కరణ పద్ధతి ఈ నిర్ణయానికి తోడ్పడుతుందని చూపడం ఈ వ్యాసం లక్ష్యం.

సవరణ – పూర్వరంగం

ఛాయాచిత్ర సవరణ కంప్యూటరుతో పుట్టలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలంనాటికే గాజు నెగటివుపై పెన్సిలుతో ముఖంలోని ముడతలు తగ్గించడం, అచ్చు వేసిన చిత్రానికి రంగులద్దడం స్టూడియోలలో వాడుకలో ఉన్నాయి. అయితే పెన్సిలు గీత నెగటివుపై మిగిలి ఉంటుంది, పరిశీలించేవారికి దొరుకుతుంది. పిక్సెల్‌లో జరిగిన మార్పు ఆనవాలు మిగల్చకపోవచ్చు. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం కోసం గిజా పిరమిడ్లను కంప్యూటరులో దగ్గరకు జరిపినప్పుడు రేగిన వివాదానికి మూలం ఇదే. 1990లో ఫోటోషాప్ విడుదలయ్యాక ఆ సామర్థ్యం క్రమంగా అందరి చేతికీ వచ్చింది.

పరిష్కర్త ధర్మం

1829లో వేమన పద్యాలను ప్రచురించిన సి.పి. బ్రౌన్ అనేక వ్రాతప్రతులను సేకరించి, పండితుల సాయంతో పోల్చి చూశాడు. పరిష్కర్త దోషాన్ని సవరించవచ్చు; తాను సవరించానన్న సంగతిని దాచకూడదు. స్వీకరించిన పాఠం పుట పైభాగాన, తిరస్కరించినది అధోజ్ఞాపికలో, సవరణ సూత్రాలు పీఠికలో ఉంటాయి. సవరణను దాచితే అది ప్రక్షిప్తంతో సమానం.

తాళపత్ర చిత్రాలను పరిశోధకులు కంప్యూటరులో చదువుతున్న నేటి కాలంలో ఈ భేదం మరింత ముఖ్యం. వెలిసిన అక్షరం కనబడేందుకు కాంట్రాస్టు పెంచడం ఉన్నదానిని చూపడమే. పురుగు కొట్టిన రంధ్రాన్ని పక్క గీతను కాపీ చేసి పూడ్చడం లేనిదానిని కల్పించడం. అందువల్ల ‘ప’ ‘వ’గా మారవచ్చు. కృత్రిమ మేధ పనిముట్లు ఈ పూడికను అడగకుండానే చేసిపెట్టగలవు.

క్రమంలోని నీతి

మంచి సవరణ క్రమాన్ని సాంకేతిక సౌకర్యంగా మాత్రమే బోధించడం వాడుక. నిజానికి అది పరిష్కరణ ధర్మానికి ఆచరణ రూపం. మొదటిది, కెమెరా ఇచ్చిన రా ఫైలును మార్చకుండా వేరొక డిస్కులో కూడా భద్రపరచడం: ఇది మాతృకా రక్షణ. రెండవది, వెలుగు, రంగుల సమతౌల్యం వంటి చిత్రమంతటికీ వర్తించే మార్పులు ముందు చేసి, మచ్చల తొలగింపు వంటివి తరువాత చేయడం. పదును పెంచడం చివరి పని. ముందే పెంచితే చిత్రంలోని రేణువులు తరువాతి మార్పులతో మరింత స్ఫుటమవుతాయి. మూడవది, ప్రతి మార్పునూ వేరు లేయరులో ఉంచడం: లేయరును మూసివేస్తే పూర్వపాఠం కనబడుతుంది. అధోజ్ఞాపిక చేసే పని ఇదే. నాలుగవది, పని ప్రతిని జేపెగ్‌గా మళ్ళీ మళ్ళీ భద్రపరచకపోవడం. మార్చి భద్రపరచిన ప్రతిసారీ కొంత సమాచారం పోతుంది. ప్రతికి ప్రతి రాసిన లేఖకుల చేతిలో పాఠం చెడినట్లే.

ఆక్షేపణలు

కెమెరా కోణమే ఒక ఎంపిక అయినప్పుడు నిర్దోషమైన మూలం ఎక్కడుందని ఒక ఆక్షేపణ. తాళపత్రమూ ఒక లేఖకుని ప్రతియే, అందులోనూ దోషాలుంటాయి. అంతమాత్రాన పరిష్కర్తకు స్వేచ్ఛారచన హక్కు రాదు. మూలం అసంపూర్ణమైనప్పుడు దానిని కాపాడవలసిన బాధ్యత పెరుగుతుందే కాని తగ్గదు.

రెండవ ఆక్షేపణ బలమైనది. వ్యాధితో చిక్కి మరణించిన తల్లి ముఖాన్ని ఆరోగ్యంగా చూపమని కొడుకు స్టూడియోలో అడిగితే కాదనడం ధర్మమా? కాదు. దండ వేసే పటం స్మరణకే కాని సాక్ష్యానికి కాదు; ఆ కరుణను అసత్యమనడం కాఠిన్యమే. అయితే చిత్రం గోడమీదే ఉండిపోదు. తరం మారితే అదే పటం కుటుంబ చరిత్రకో, పరిశోధనకో ఆధారం కావచ్చు. కనుక స్టూడియో ఆ పటంతోపాటు సవరించని ప్రతిని కూడా కుటుంబానికి అందించడం ఉచితం. అప్పుడు కరుణకూ సత్యానికీ పోటీ ఉండదు.

ముగింపు

సవరణ దోషం మార్చడంలో లేదు. మార్పును గుర్తించే దారిని మూసివేయడంలో ఉంది. చిత్రం ఏ ప్రయోజనానికి చేరుతుందో సవరించేవారు ముందుగా ఊహించలేరు. అందువల్ల మాతృక, సవరణ వివరం చిత్రంతోపాటే ప్రయాణించాలి. సిద్ధాంత గ్రంథాలలో ఛాయాచిత్రం కింద స్థలం, తేదీలతోపాటు చేసిన సవరణలను కూడా ఒక వాక్యంలో పేర్కొనడం తెలుగు శాఖలు వెంటనే ఆచరణలో పెట్టదగిన నియమం.