కిరాయి ఇంట్లో మురుగు ఎగదన్నితే...

పరిశుభ్రత విశ్వాసంలో సగమని మన పిల్లలకు నేర్పుతుంటాం. మరి సెప్టిక్ ట్యాంకు నిండి, మురుగు ఎగదన్ని వంటింటి దాకా వచ్చిన నాడు, ఆ ఇల్లు కిరాయిదైతే బాధ్యత ఎవరిది? "వాడుకున్నది మీరే కదా!" అంటాడు యజమాని. "ఇల్లు మీదే కదా!" అంటాడు కిరాయిదారు.

మన కోరుట్లలో బీడీలు చుట్టి బతికే ఒక కుటుంబాన్ని తలచుకోండి. తడిపి పెట్టిన తునికాకు, తంబాకు నేల మీదే ఉంటాయి. అవి కార్ఖానా వాళ్ళు అప్పగించిన అమానత్. వాటికి మురుగు తగిలితే ఆనాటి కూలీ పోవడమే కాదు, ఆకు లెక్క కూడా ఆ తల్లి మీదే పడుతుంది. అలాంటి ఇంటివారితో "వచ్చే నెల చూద్దాం లెండి" అనడానికి మనకు నోరెలా వస్తుంది?

ఈ తగాదా కొత్తదేమీ కాదు. ట్యాంకు కిరాయిదారు వాడుక వల్లే నిండినా దాన్ని శుభ్రం చేయించడం యజమాని పనేనని హనఫీ పండితులు ఏనాడో తేల్చారు. ఊడ్చిన చెత్త, పొయ్యి బూడిద మాత్రం కిరాయిదారువి. ఉస్మానియా ఖిలాఫత్‌లో 1869-1876 మధ్య కూర్చిన 'మజల్లా' 529వ అధికరణం కూడా ఇల్లు నివాసయోగ్యంగా ఉంచే మరమ్మతులు, నీటి దారుల బాగుచేత యజమానివేనంటుంది. ఆయన చేయకపోతే కిరాయిదారు ఖాళీ చేయవచ్చు. కాని అనుమతి లేకుండా తానే చేయించి, ఆ ఖర్చును కిరాయిలో పట్టుకునే హక్కు లేదు. కనుక ముందు అడగండి. ఇక పేలికలు, జిడ్డు వేసి గొట్టం మూసుకుపోయేలా చేసినవారు యజమానిని నిందించడం న్యాయం కాదు.

ఇద్దరూ మరచిపోయే మూడో మనిషి ఒకరున్నారు. ట్యాంకు శుభ్రం చేయడానికి వచ్చిన కూలీ! మూసి ఉన్న ట్యాంకులోని విషవాయువు క్షణాల్లో ప్రాణం తీస్తుంది. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. నాలుగు డబ్బులు మిగులుతాయని ఎవరినీ దింపకండి, మురుగు తోడే ట్యాంకరును పిలిపించండి. పనివాడి కూలీ చెమట ఆరకముందే ఇచ్చేయమన్నారు దైవప్రవక్త (స).

మురుగు తగిలిన గచ్చును మూడుసార్లు కడిగి తుడిచి, రంగు, వాసన పోయాక నమాజు చేసుకోవచ్చు. బట్టలను మూడుసార్లు ఉతికి పిండాలి. పిండడానికి వీలుకాని చాపను మూడుసార్లు కడిగి, ప్రతిసారీ నీరు కారడం ఆగేదాకా వేలాడదీయాలి. ఈలోగా నమాజు వేళ మించిపోతుంటే పొరుగింట్లో కాస్త చోటు అడగండి. వాళ్ళే ముందుగా పిలిస్తే మరీ మంచిది.