వైద్యుడగుట యెన్నడు?

పట్టము చేతికి వచ్చిననాడు మనుష్యుడు వైద్యుడగునా, లేక రోగి చేయి పట్టిననాడు వైద్యుడగునా? మన యిండ్ల బిడ్డలు వైద్యకళాశాలలకు, నర్సింగు పాఠశాలలకు పోవుచున్న యీ దినములలో ఇది తల్లిదండ్రులును గురువులును తప్పక ఆలోచింపవలసిన ప్రశ్న.

మన పూర్వులు విద్యకంటె ముందు మనిషిని చూచిరి. చరకసంహిత విమానస్థానము 8వ అధ్యాయమున, గురువు శిష్యునకు వైద్యము నేర్పుటకు ముందు అగ్నిసాక్షిగా చేయు అనుశాసనము కలదు. రోగి యింట అడుగిడినవాని మాట, మనస్సు, బుద్ధి ఆ రోగి మేలునందే నిలువవలెననియు, ఆ యింటి గుట్టు బయట పెట్టరాదనియు అందు విధింపబడినది. లండనులోని సెయింట్ థామస్ ఆస్పత్రిలో 1860లో ఫ్లారెన్స్ నైటింగేల్ నెలకొల్పిన నర్సుల పాఠశాలలోను, విద్యార్థిని పనితనముతోపాటు వేళ తప్పకుండుట, నమ్మదగియుండుట మొదలగు నడవడిని గూడ నెలనెల వ్రాసి యుంచెడివారు.

నేడు మన దేశమున ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు; ఆపై ఒక సంవత్సరము ఇంటర్న్‌షిప్. 2019లో వచ్చిన పాఠ్యప్రణాళికలో వైద్యనీతియు, రోగితో మాటాడు తీరును పాఠ్యాంశములైనవి. పెక్కు కళాశాలలలో విద్యార్థులు తాము కోసి చదువు శవమునే తొలి గురువుగా భావించి ప్రతిజ్ఞ చేయుదురు. ఇవి యన్నియు మంచివే. కాని ప్రతిజ్ఞ ఒకనాటి మాట. వార్డు ప్రతిదినపు పాఠము.

ఆ పాఠ మెట్టిదో పరిశీలించినవారు కలరు. హోవర్డ్ బెకర్, ఆయన సహచరులు అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయమున వైద్యవిద్యార్థుల వెంట తిరిగి 1961లో ఒక గ్రంథము ప్రకటించిరి. సేవచేయు ఆశతో వచ్చినవారు క్రమముగా పరీక్షలు గట్టెక్కుటయే పనిగా పెట్టుకొందురనియు, అణగియున్న ఆ ఆశ చదువు ముగియు వేళకు మరల తలయెత్తుననియు వారు గమనించిరి. జెఫర్సన్ వైద్యకళాశాల విద్యార్థులపై 2009లో వెలువడిన పరిశీలనలో, సహానుభూతి 3వ సంవత్సరమున తగ్గినట్లు తేలినది. రోగుల నడుమ పని మొదలగునది ఆ సంవత్సరమే! దయ పెరుగవలసిన చోటనే దయ తరుగుచున్నది. పిల్లలు చెడ్డవారై కాదు. నిద్రలేమి, పనిభారము, తప్పు జరుగునేమోయను భయము, పెద్దలను చూచి నేర్చుకొనుట దీనికి కారణములు. రోగిని గౌరవింపవలెనని పుస్తకమున చదివి, కసరుకొను పెద్దను వార్డులో చూచిన విద్యార్థికి మిగులునది చూచిన పాఠమే.

నా శిష్యురాలొకతె నర్సింగు చదువుచు సెలవులకు వచ్చి నన్ను చూడవచ్చినది. మాటల నడుమ, "పన్నెండో మంచానికి జ్వరం తగ్గనే లేదు సార్" అన్నది.

"మంచానికి జ్వరమేమమ్మా?" అంటిని.

ఆమె నవ్వి, వెంటనే తల వంచుకొన్నది. "మొదటి నెలలో అందరి పేర్లూ తెలుసు సార్. వాళ్ల పిల్లల పేర్లు కూడా. తర్వాత తీరిక లేకపోయింది. అక్కడందరూ అట్లే అంటారు" అన్నది.

ఆమెను తప్పు పట్టుటకు నాకు నోరు రాలేదు. హాజరుపట్టీ చేతబట్టి పిల్లలను అంకెలతో పిలిచిన దినములు నాకును కలవు గదా!

పేరు పలుకుట దయ మాత్రమే కాదు, వైద్యవిధి కూడ. మందిచ్చుటకు ముందు రోగిని కనీసము రెండు గుర్తులతో పోల్చుకొనవలెననియు, గది సంఖ్య అందొకటి కారాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో సూచించినది. మంచము మారవచ్చును, మనిషి మారడు.

ప్రతి రోగికొఱకు కన్నీరు పెట్టువాడు కత్తి పట్టగలడా యని కొందరడుగుదురు. నిజమే, వైద్యునకు స్థైర్యము కావలెను. కాని స్థైర్యము వేఱు, కాఠిన్యము వేఱు. స్థైర్యము రోగికొఱకు నిలుచును. కాఠిన్యము రోగినుండి తొలగును. వణకని చేయియు కరగు మనస్సును ఒక్కనియందే యుండవచ్చును.

12వ శతాబ్దపు శరణులలో వైద్యమే కాయకముగా గల వైద్య సంగణ్ణ యుండెను. కాయకము పొట్టకూటి పని మాత్రమే కాదు. చేయువానిని గూడ అది మలచును. రోగి యెదుట దినదినము మనము ఎట్లు మెలగుదుమో, అట్టివారమే యగుదుము. కనుక విద్యార్థి వైద్యుడగుట ఒకనాడు జరుగునది కాదు. ఎవరును చూడని రాత్రివేళ, అలసిన కన్నులతో, రోగిని పేరు పెట్టి పిలిచిన ప్రతిసారియు కొంత కొంతగా జరుగునది.

సెలవులకు వచ్చిన బిడ్డను మనము మార్కులెన్ని, జీతమెంత వచ్చునని అడుగుదుము. ఈసారి మరియొక ప్రశ్నయు అడుగుదము: "ఎవరికి సేవ చేసివచ్చితివి నాయనా? వారి పేరేమి?"